గేజు తేడా

కంచరపాలెం మెట్ట మీద రెండో అంతస్తు.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పాత బొంత.
మొన్నాదివారం బొండపల్లి నుంచి వచ్చిన తప్పెటగుళ్ళ జట్టు
ఇక్కడే గెంతింది,
కింది వాటా సున్నం రాలేదాకా.
ఎనిమిది గుండెల మీద ఎనిమిది రేకు తప్పెట్లు,
కాళ్ళ గజ్జెలకి వేరే రెండు మైకులు,
జట్టు పెద్ద సన్యాసప్పడి గొంతుకి ఒకటి,
మూలన ఇంకొకటి ఊరికే, గదిని వినడానికి.

ఇప్పుడు వాళ్ళు లేరు. పన్నెండు గీతలున్నాయి
ఒక అప్లికేషన్‌లో నిద్రపోతూ.
లేపి, పక్క అప్లికేషన్‌కి నడిపించాలి.
రికార్డు చేసినదానికి పాట కట్టడం రాదు,
పాట కట్టేదానికి ఇంతమందిని ఒకేసారి రానివ్వడం తెలీదు,
వాకిట్లో నిలబెట్టి ఇద్దరే రండి అంటుంది,
ఎడమకి ఒకరు, కుడికి ఒకరు.

మధ్యలో నేను వేసిన తీగ
చేతికి దొరకదు. కొన్నది కాదు, చుట్టి పెట్టేది కాదు,
ఎలక కొరకదు.
పేరు మాత్రం ఉంది, పన్నెండు పోగులున్నాయని చెప్పుకుంటుంది.
అడ్డ వరసలో బయల్దేరేవాళ్ళు, నిలువు వరసలో చేరేవాళ్ళు,
కలిసే గడిలో చుక్క పెడితే దారి.

పదకొండున్నరకి ఒక చుక్క తప్పు గడిలో పడింది.
బయటికెళ్ళిన గొంతు తిరిగొచ్చి తన నోట్లోనే దూరి
మళ్ళీ బయటికి మళ్ళీ లోపలికి మళ్ళీ
కూత.
కుక్కలు లేచాయి. ఊర్వశి జంక్షన్ దాకా వినపడే ఉంటుంది.

తలుపు కొట్టింది ఇంటాయన, పాలవలస తవిటినాయుడు,
మార్షలింగ్ యార్డులో ముప్పై రెండేళ్ళు పాయింట్లు మార్చిన మనిషి.
భుజాన తువ్వాలు, చేతిలో టార్చి.
"ఏటమ్మా ఆ కూత? రాత్రేల బండి పట్టాలు తప్పినట్టు!"
కుర్చీ చూపించాను. కూర్చోలేదు.
తెర మీది గళ్ళు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని
మళ్ళీ చూశాడు.
"యార్డే ఇది," అన్నాడు.
అప్పుడు కూర్చున్నాడు.

"ఏడో లైను ఎటెల్తంది?"
గంటన్నరగా నేను వెతుకుతున్నదీ అదే, ఏడో తప్పెట మూగబోయింది.
గాజు మీద వేలు పెట్టి ఏడు వెంట నడిపించుకుంటూ వెళ్ళాడు.
ఎక్కడా చుక్క లేదు.
"పాయింటు ఎయ్యకండా బండిని తిట్టుకుంటే ఏటి లాబం."

వేశాను. ఏడోది లేచింది.
కానీ పన్నెండూ తిరగమోతలో ఆవాల్లా చిటపటమంటున్నాయి.
ఇది సెకనుకి నలభై నాలుగు వేల నూరు అడుగులు వేస్తుంది,
అది నలభై ఎనిమిది వేలు వేస్తుంది, అందుకూ...
వింటాడో వినడో అనుకుంటూనే చెప్పాను.

"గేజు తేడా."
నౌపడాలో చిన్నబండి దిగి పెద్దబండి ఎక్కేవారట,
మూటలతో, మేకపిల్లలతో, ఒకసారి ఒక పెళ్ళికొడుకు పల్లకీతో.
"ఎవులో ఒకలు పట్టాలు మార్సుకోవాల. తప్పదు."

మార్చాను.

గదిలో ఎనిమిది మంది ఎనిమిది చోట్ల నిలబడ్డారు
ఎవరికి వారు, ఒకరి చెమట ఒకరికి అంటకుండా.
కాసేపటికి ఒక దరువు దగ్గర అంటుకుంది.
తవిటినాయుడి బొటనవేలు నేల మీద కదిలింది.
చూడనట్టు ఊరుకున్నాను.

"పన్నెండులో అదేటి?"
ఊరికే పెట్టిన మైకు. సన్యాసప్పడు ఊపిరి తీసుకున్న చోట
బాగా లోతుగా, హార్బర్లోంచి ఓడ కూత.
తీసెయ్యాలండీ, పాటలోది కాదు.
"కాళీ యాగన్ని కూడా లెక్క రాసేవోలం,"
అన్నాడు, మోకాలు పట్టుకుని లేస్తూ.

టార్చి వెలుగు మెట్లు దిగిపోయింది.
రెండు నెలల అద్దె అడగడం మర్చిపోయాడు,
నేనూ గుర్తు చెయ్యలేదు.
పన్నెండో గడి మీద వేలుంచి చాలాసేపు కూర్చున్నాను.
బొంత కొంచెం పక్కకి జరిపితే
అటువైపు, అసలు యార్డులో,
ఎవరో వ్యాగన్లని ఒకదానికొకటి తగిలిస్తున్నారు.